తినమంటారు, వడ్డించనివ్వరు

మా విచారణ గుడి పండుగకు ఏటా ప్రేమవిందు ఉంటుంది. దివ్యపూజ ముగిశాక షామియానా కింద అందరికీ భోజనాలు. పదో తరగతి సెలవుల్లో ఒకసారి, వడ్డనలో సాయం చేద్దామని కూర బకెట్ అందుకున్నాను. ఒక పెద్దాయన దాన్ని నా చేతిలోంచి తీసుకుని, "నీకెందుకమ్మా శ్రమ, వెళ్లి కూర్చుని తిను" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు, ఆప్యాయతే ఉంది. ఇంటికొచ్చి చెబితే మా నాయనమ్మ నవ్వేసింది. "తినమంటారే గానీ వడ్డించనివ్వరు" అంది. ఆ మాట అర్థం కావడానికి నాకు ఇంకో పదేళ్లు పట్టింది.

కథోలిక జీవితానికి కేంద్రం భోజనమే. దివ్యసత్ప్రసాదం అంటే ఒకే రొట్టెను అందరూ పంచుకోవడం. సుంకరులతో, పాపులతో కలిసి తింటున్నాడన్నదే యేసు మీద వచ్చిన నిందల్లో ఒకటి. అయితే ఆయన పెట్టడమే కాదు, అడిగి పుచ్చుకున్నాడు కూడా. యోహాను సువార్త నాలుగో అధ్యాయంలో సమరియ స్త్రీని దాహానికి నీళ్లు అడిగాడు. యూదులు సమరియుల పాత్రలు ముట్టని కాలం అది. బావి, కుండ, అంటు. ఈ కథను మా పల్లెలో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఆదిమ సంఘంలోనూ ఈ గొడవ ఉంది. అంతియోకియలో అన్యజనులతో కలిసి తింటున్న పేతురు, కొందరు పెద్దలు రాగానే వెనక్కి తగ్గితే పౌలు ముఖం మీదే నిలదీశాడు. కొరింతులో కొందరు తాగి మత్తెక్కుతుంటే కొందరు ఆకలితో ఉండిపోవడం చూసి, ఇది ప్రభువు భోజనం కాదన్నాడు. అంటే పంక్తి చెడితే పూజే చెడినట్టు.

మన దేశంలో ఏం జరిగింది? 1606లో మదురైకి వచ్చిన రాబర్ట్ డి నోబిలి బ్రాహ్మణ సన్యాసిలా జీవించాడు. భోజనంలోనూ ఆ నియమాలే పాటించాడు. తర్వాత ఆ మిషన్‌లో 'కింది' కులాల కోసం వేరే మిషనరీలు వచ్చారు. తెలుగు నేలపై 18వ శతాబ్దంలోనే కథోలికులైన రెడ్లు, కమ్మలు తమ కులాన్ని గుడి లోపలికీ తెచ్చుకున్నారు. ఈనాటికీ పెళ్లి ప్రకటనల్లో 'ఆర్.సి. రెడ్డి', 'ఆర్.సి. కమ్మ' అన్న మాటలు కనిపిస్తాయి. తమ సంఘంలో అంటరానితనం ఉందని భారత కథోలిక పీఠాధిపతుల సమాఖ్య 2016 డిసెంబరులో విడుదల చేసిన దళిత సాధికారత విధాన పత్రంలో ఒప్పుకుంది. 2022లో హైదరాబాద్ అగ్రపీఠాధిపతి పూల అంథోని తొలి దళిత కార్డినల్ అయినప్పుడు మా పల్లె సంబరపడింది. నేనూ సంబరపడ్డాను. కానీ పైన ఒక కుర్చీ మారినంత మాత్రాన కింద పంక్తి మారిపోదు.

రాజ్యం ఇంకోలా మాట్లాడుతుంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను మొదట హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించింది. క్రైస్తవంలో కులం లేదు కాబట్టి మేం ఎస్సీలం కాదట. ఆంధ్రప్రదేశ్‌లో మాకు మిగిలింది బీసీ-సి కింద ఒక్క శాతం. సర్టిఫికెట్‌లో పోయిన కులం కూర బకెట్ దగ్గర మాత్రం ఉంటుంది.

సహపంక్తి భోజనాలతో కులం పోదని అంబేడ్కర్ 1936లోనే 'కుల నిర్మూలన'లో వాదించారు. కులాంతర వివాహం కావాలి, కులానికి పవిత్రతనిచ్చే శాస్త్రాల అధికారం కూలాలి అన్నారు. మరి నేను భోజనం గురించి ఎందుకు రాస్తున్నాను? మా ప్రేమవిందు ఆ సహపంక్తి దాకా కూడా రాలేదు కాబట్టి. పెట్టే చెయ్యి ఎప్పుడూ ఒకటే అయినప్పుడు అది దానమే గానీ ఆతిథ్యం కాదు. మా చేతి కూడు తినలేనివాళ్లు మా ఇంటి పిల్లను కోడలిగా చేసుకుంటారా? పైగా హిందూ సంస్కర్తకు శాస్త్రం అడ్డొస్తుంది. కథోలికుడికి ఆ సాకు కూడా లేదు. అతని గ్రంథం అతన్నే తప్పు పడుతుంది.

అందుకే విచారణ సంఘాలను నేను అడిగేది చిన్న విషయం. పండుగ వంట, వడ్డన వంతులవారీగా అన్ని వాడలకూ ఇవ్వండి. ప్రార్థన కూటాలు మా వాడలో కూడా పెట్టి, ముగిశాక టీ నీళ్లతో సరిపెట్టకుండా భోజనం చేసి వెళ్లండి. మా వంట ఏదైతే అదే.

ఫాదర్లు, సిస్టర్లు మా ఇంట్లో చాలాసార్లు తిన్నారు. ఆ పెద్దాయన ఇంటి నుంచి ఇంతవరకూ ఎవరూ రాలేదు. ఈ పండుగకు నేనే వెళ్లి పిలుస్తాను. నాయనమ్మకు ఎనభై దాటాయి, అయినా కూర తనే వండుతానంటోంది.