పైనుంచి పడితే ఎవరు కట్టాలి?

1978 జనవరి 24న సోవియట్ ఉపగ్రహం కాస్మోస్-954 అదుపు తప్పి, ముక్కలై కెనడా వాయవ్య ప్రాంతాల మీద రాలింది. దాని లోపల యురేనియంతో నడిచే అణు రియాక్టరు ఉంది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, ఏ ఇల్లూ కూలలేదు. కానీ మంచు మీద వందల కిలోమీటర్ల మేర రేడియోధార్మిక తునకలు చెల్లాచెదురయ్యాయి. వాటిని వెతికి ఏరడానికి కెనడాకు సుమారు కోటీ నలభై లక్షల డాలర్లు ఖర్చయింది. అందులో 60 లక్షల పైచిలుకు ఇమ్మని సోవియట్ యూనియన్‌ను అడిగింది.

ప్లీడర్లకు పని అక్కడ మొదలైంది. 1972 నాటి అంతరిక్ష నష్టపరిహార ఒప్పందం ప్రకారం ‘నష్టం’ అంటే ప్రాణం పోవడం, గాయపడటం, ఆరోగ్యం చెడటం, ఆస్తి పాడవడం. మనుషులు అరుదుగా తిరిగే మంచు బయలులో రేడియోధార్మిక పదార్థం పడితే అది ఆస్తి పాడవడం కిందికి వస్తుందా? నేల వాడుకకు పనికిరాకుండా పోయింది కాబట్టి వస్తుందని కెనడా వాదించింది. 1981లో సోవియట్ ప్రభుత్వం 30 లక్షల డాలర్లిచ్చి రాజీ పడింది. రాజీ పత్రంలో బాధ్యత ఒప్పుకున్నట్టు మాత్రం లేదు. ప్రశ్న తేలకుండానే ఫైలు మూసేశారు.

ఈ ఒప్పందాల్లో ఇలాంటి వదులు మాటలు చాలానే ఉన్నాయి. అందుకు కారణమూ ఉంది. అన్నిటికీ మూలమైన 1967 అంతరిక్ష ఒప్పందంలో ఉన్నవి 17 అధికరణాలే. ప్రచ్ఛన్న యుద్ధం నడుస్తున్న రోజుల్లో అమెరికా, సోవియట్ యూనియన్ రెండూ సంతకం పెట్టాలంటే కొన్ని సంగతులు తేల్చకుండా వదిలేయక తప్పలేదు. అంతరిక్షం ఎంత ఎత్తున మొదలవుతుందో కూడా అందులో రాయలేదు.

పరిహారం దగ్గర 1972 ఒప్పందం రెండు కొలతలు పెట్టింది. నేల మీద గానీ, ఎగిరే విమానానికి గానీ నష్టం జరిగితే ప్రయోగించిన దేశానిది సంపూర్ణ బాధ్యత. తప్పు ఎవరిదన్న విచారణే అక్కర్లేదు. అదే నష్టం కక్ష్యలో మరో ఉపగ్రహానికి జరిగితే మాత్రం ఎదుటివారి తప్పు రుజువు చేయాలి. ఏది తప్పో ఒప్పందం చెప్పదు.

2009 ఫిబ్రవరి 10న సైబీరియా మీద, దాదాపు 790 కిలోమీటర్ల ఎత్తున, అమెరికన్ కంపెనీ ఇరిడియం ఉపగ్రహమూ ఎన్నడో పనిచేయడం మానేసిన రష్యా కాస్మోస్-2251 ఉపగ్రహమూ ఢీకొన్నాయి. పాడైపోయినదాన్ని అక్కడే వదిలేయడం తప్పా, నడుస్తున్నదాన్ని పక్కకు జరపకపోవడం తప్పా? రోడ్డు మీద ఆగిపోయిన లారీని కారు గుద్దితే పోలీసులు వచ్చి కేసు రాస్తారు. కక్ష్యలో అలా రాసేవాళ్లు లేరు. ఆ ప్రమాదంలో ఏ దేశమూ ఈ ఒప్పందం కింద పరిహారం అడగలేదు.

మనకు అన్నిటికన్నా దగ్గరి మాట ‘ప్రయోగ దేశం’. ప్రయోగించిన దేశం, ప్రయోగం చేయించుకున్న దేశం, ఎవరి భూభాగం నుంచి రాకెట్టు లేచిందో ఆ దేశం, ఎవరి కేంద్రాన్ని వాడారో ఆ దేశం, అన్నీ ప్రయోగ దేశాలే. బాధిత దేశం వీటిలో ఏ ఒక్కదాని దగ్గరైనా పూర్తి సొమ్ము అడగొచ్చు. 2017 ఫిబ్రవరి 15న శ్రీహరికోట నుంచి ఒక్క పీఎస్‌ఎల్‌వీ రాకెట్టు 104 ఉపగ్రహాలను మోసుకెళ్లింది. వాటిలో 101 విదేశాలవి. చప్పట్లు కొట్టినవారిలో ఎంతమందికి తెలుసో గానీ, ఆ 101కి కూడా భారత్ ప్రయోగ దేశమే.

2023 జులైలో పశ్చిమ ఆస్ట్రేలియా తీరానికి కొట్టుకొచ్చిన పెద్ద లోహపు డబ్బా పీఎస్‌ఎల్‌వీ మూడో దశది కావడానికే అవకాశం ఎక్కువని ఆ దేశ అంతరిక్ష సంస్థ తేల్చింది. అది పడింది ఇంటి మీద అయ్యుంటే బిల్లు ఢిల్లీకి వచ్చేది.

ఇప్పుడు ప్రైవేటు కంపెనీలూ రంగంలోకి దిగాయి. 2022 నవంబరు 18న హైదరాబాద్ సంస్థ స్కైరూట్ తయారుచేసిన విక్రమ్-ఎస్ శ్రీహరికోట నుంచి ఎగిరింది. ప్రైవేటు సంస్థ చేసే పనికీ దాని దేశమే జవాబు చెప్పాలని, అనుమతి ఇచ్చి ఊరుకోకుండా నిరంతరం కనిపెట్టి ఉండాలని 1967 ఒప్పందంలోని ఆరో అధికరణం స్పష్టంగా చెబుతుంది. అంటే రాకెట్టు కంపెనీది, విదేశానికి కట్టాల్సిన పరిహారం ప్రభుత్వానిది.

ఆ సొమ్మును ప్రభుత్వం కంపెనీ నుంచి ఎంతవరకు రాబట్టుకోవాలి? కంపెనీ ఎంతకు బీమా చేయించాలి? అమెరికా, ఫ్రాన్స్ ఈ సంగతులను చట్టంలో రాసుకున్నాయి. మన దగ్గర అంతరిక్ష కార్యకలాపాల బిల్లు ముసాయిదా 2017లో బయటికి వచ్చింది, 2023లో అంతరిక్ష విధానం వచ్చింది. విధానాన్ని చూపించి కోర్టులో పరిహారం రాబట్టలేం. కొత్త కంపెనీలకు లైసెన్సులిచ్చే వేగంలో సగమైనా ఈ బిల్లును పార్లమెంటు ముందుకు తేవడంలో కేంద్రం చూపించాలి.