కత్తివీరుని చావు, పాఠకుల కన్నీరు

జపాను బొమ్మకథలలో ఎవరో చచ్చినారని మన యువకులు అన్నము మానుటయేమని పెద్దలు పరిహసించుచున్నారు. ఈ పరిహాసము న్యాయము కాదని నా అభిప్రాయము.

వారి నోళ్లలో నానుచున్న కథ ‘కిమెత్సు నో యాయిబా’. కోయోహరు గోతోగే అను కలము పేరుతో ‘వీక్లీ షోనెన్ జంప్’ అను వారపత్రికలో 2016 ఫిబ్రవరి మొదలు 2020 మే వఱకు 205 ప్రకరణములుగా వెలువడినది. బొగ్గులమ్ముకొను తాంజిరో అను బాలుడు, రక్కసిగా మాఱిన చెల్లెలిని మరల మనిషిని చేయుటకై కత్తి పట్టుట ఇందలి వస్తువు.

ఆ పత్రిక పద్ధతి వర్తకుడనైన నన్ను ఆకర్షించినది. సంచికతోపాటు ఒక కార్డు ఉండును. పాఠకులు తమకు నచ్చిన మూడు కథలను అందు గుర్తించి పంపుదురు. వెనుకబడిన కథకు త్వరలోనే మంగళము పాడుదురు. అనగా కొనువాడే యజమాని! అట్టి చోట రెంగోకు వంటి వీరుని రచయిత 66వ ప్రకరణముననే చంపివేసిరి. రైలులోని 200 మంది ప్రయాణికులలో ఒక్కరినైన పోనీయక, రాక్షసుడవై చిరకాలము బ్రతుకుమని అకజా చూపిన ఆశను త్రోసిపుచ్చి, తెల్లవాఱుచుండగా అతడు ప్రాణము విడిచెను. ఎండకు వెఱచి అకజా పాఱిపోయెను. పాఠకులకు చావుకంటె ఆ పాఱిపోవుటయే ఎక్కువ మంట కలిగించినది.

అసలు విశేషము తరువాత నున్నది. కడపటి యుద్ధమున ఆ అకజా పూర్వకథ బయటపడును. రోగియైన తండ్రి మందుల కొఱకు దొంగయై, పిదప గురువును, పెండ్లాడవలసిన కన్యను శత్రువులు బావిలో కలిపిన విషమునకు బలియిచ్చిన అభాగ్యుడతడు. అంతవఱకు అతనిని తిట్టినవారే కన్నీరు పెట్టిరి. రెంగోకును చంపినవానికి జాలి యేలయని వాదించినవారును లేకపోలేదు. నేను మొదటివారి పక్షము. జాలిపడుట క్షమించుట కాదు. కర్ణుని కొఱకు కంట తడిపెట్టు మనకు ఇది వేఱుగ చెప్పవలెనా?

అభిమన్యుని చావునకు ఎన్ని తరములు ఏడ్చినను తిక్కన అతనిని బ్రతికింపలేదు. గోతోగేయు రెంగోకును బ్రతికింపలేదు. అంతేకాదు, గిరాకి మిక్కుటముగా నున్నప్పుడే కథను ముగించిరి. ఏ వర్తకుడును అట్టి వేళ అంగడి మూయడు! కడపటి ప్రకరణము వర్తమాన కాలమునకు దుముకుట కొందఱికి రుచింపలేదు. నాకును అది తొందరగా తోచినది.

ఈ అకజా యుద్ధమే 2025 సెప్టెంబరులో మనదేశమున చలనచిత్రముగా విడుదలయ్యెను, తెలుగు మాటలతో గూడ. మన పిల్లలలో పెక్కుమందికి తెలుగు లిపి రాదు, చెవి మాత్రము కలదు. తలపెట్టిన మూడు చిత్రములలో ఇది మొదటిది. రెండవది తెలుగున వచ్చినచో, పరిహసించు పెద్దలు ఒక్క టిక్కెట్టు అధికముగా కొని పిల్లల ప్రక్కన కూర్చుండవలెనని నా మనవి.