పొగ మనది... దగ్గు పక్కింటిది!

మార్గశిరం వచ్చిందంటే చాలు, తెల్లవారుజామున విజయవాడలో ఏ సందులోకి వెళ్లినా ఒకటే వాసన. పెరట్లోనో, మెట్ల కిందో, వసారా చివరనో వేణ్ణీళ్ల పొయ్యి అంటుకుంటుంది. కొబ్బరి పీచు, చిప్పలు, ఎండుమట్టలు, వడ్రంగి కొట్టు దగ్గర ఏరుకొచ్చిన చెక్కముక్కలు... ఏది దొరికితే అది. వంటింట్లో గ్యాసుంటుంది, రెండో సిలిండరూ ఉంటుంది. అయినా నీళ్లు కాగేది మాత్రం కట్టెల మీదే. "నీళ్లకి కూడా గ్యాసేనా?" అన్న మాట మనలో ఎంతమందిమి అత్తగారి నోట వినలేదు? రేపు మన కోడళ్లతో అనకుండా ఉంటామా?

మా ఇంట్లోనూ ఓ రాగి బాయిలర్ ఉంది. మా అత్తగారు కాపురానికొస్తూ పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. కిందటి చలికాలం దాకా దాని గురించి ఒక్క నిమిషం ఆలోచించిన పాపాన పోలేదు నేను. మాది కొండవాలున ఉన్న ఇల్లు. మా కప్పు ఎత్తుకి పైవరస వాళ్ల గుమ్మం. ఆ ఇంటికి పురిటికొచ్చిన అమ్మాయి ఓరోజు మెట్లు దిగి వచ్చి, "అక్కా, ఏమనుకోకండి. మీ బాయిలర్ రోజూ ఏ వేళకి వెలిగిస్తారో చెబుతారా? ఆ వేళకి బాబుని వెనక గదిలోకి మారుస్తాను" అంది.

పొగ ఆపమని కాదు, పొగకి వేళ చెప్పమని అడిగింది! మా అత్తగారికి కోపమొచ్చింది. "నలభై ఏళ్లుగా కాస్తున్నాం, ఎవరికేమైంది?" అన్నారు. నాకు మాత్రం ఆ పిల్ల అడిగిన తీరుకి తల కొట్టేసినట్టయింది.

ఆలోచిస్తే, ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదు. మొగల్రాజపురం, గుణదల, ఇంద్రకీలాద్రి కొండవాలుల్లో వేల ఇళ్లు ఇలాగే మెట్లుమెట్లుగా ఉన్నాయి. కింది ఇంటి పొగగొట్టం పై ఇంటి కిటికీ ముందు తేలుతుంది. అపార్టుమెంట్లలో అయితే కింద వాచ్‌మన్ కుటుంబం వెలిగించిన పొయ్యి మూడో అంతస్తు దాకా పలకరిస్తుంది. పల్లెల్లో ఇంటికీ ఇంటికీ నడుమ పెరడుంది కాబట్టి పొగ చెదిరిపోయేది. పట్నంలో ఆ పెరడు ఏది? పైగా చలికాలం పొద్దున్న నేలనంటిన చల్లగాలి కదలదు. పొగ పైకి పోకుండా దుప్పటిలా మన మీదే పరుచుకుంటుంది.

"ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్ గొట్టాలూ, హైవే మీద లారీలూ ఉండగా మా చిన్న పొయ్యేనా మీ కంటికి కనబడింది?" అని ఎవరైనా అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. 2019లో కేంద్రం మొదలుపెట్టిన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో, గాలి బాగుపడాల్సిన ఊళ్ల జాబితాలో విజయవాడ పేరు చేరింది. దానికి మన పొయ్యిలొక్కటే కారణమని ఎవరూ అనరు. కానీ 1980ల ఆరంభంలో గుజరాత్ పల్లెల్లో వంట చేస్తున్న ఆడవాళ్లకి కొలత పరికరాలు తగిలించి, వాళ్లు ఎంత పొగ పీలుస్తున్నారో లెక్క తీసిన కిర్క్ స్మిత్ అనే అమెరికన్ శాస్త్రవేత్త జీవితాంతం ఒకటే చెప్పాడు. పొగ ఎంత వచ్చిందన్నది కాదు, ఎవరి ముక్కుకి ఎంత దగ్గర్లో వచ్చిందన్నదే అసలు లెక్క అని. థర్మల్ గొట్టం ఆకాశంలో ఉంటుంది. మన పొయ్యి మన మొహం ముందు, పసివాడి మంచం పక్కన ఉంటుంది.

ఇళ్లలో పొయ్యిల పొగవల్ల 2020లో ప్రపంచమంతటా 32 లక్షల మంది చనిపోయారనీ, అందులో రెండు లక్షల ముప్ఫై వేలకు పైగా అయిదేళ్ల లోపు పిల్లలేననీ ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. పిల్లలకి న్యుమోనియా, పెద్దవాళ్లకి ఊపిరితిత్తుల జబ్బూ గుండెజబ్బూ, వంట చేసే ఆడవాళ్లకి కంటి శుక్లాలు, గర్భిణి పీలిస్తే పుట్టే బిడ్డ బరువు తగ్గడం... ఇవన్నీ ఆ లెక్క వెనక ఉన్న కథలు.

పొగ మీద చట్టం చేసిన దేశాలూ ఉన్నాయి. 1952 డిసెంబరులో లండన్ని అయిదు రోజులు బొగ్గుపొగ మంచులా కమ్మేసింది, వేలమంది పోయారు. 1956లో బ్రిటన్ చట్టం చేసి కొన్ని ప్రాంతాల్ని పొగ నిషిద్ధ ప్రాంతాలన్నది. అక్కడ ఇంట్లో పొయ్యి వెలిగించాలంటే పొగరాని ఇంధనమైనా వాడాలి, లేదా పరీక్షలో నెగ్గిన పొయ్యి అయినా ఉండాలి. అందులో నాకు నచ్చిన ముక్క వేరే ఉంది. పొయ్యి మార్చుకోవడానికయ్యే ఖర్చులో ఎక్కువ భాగాన్ని ప్రభుత్వమూ, మునిసిపాలిటీలూ భరించాయి. మన దగ్గర ఆ నిషేధం అపార్టుమెంటు సంఘం నోటీసు బోర్డు మీద ఒక్క వాక్యంగా వెలుస్తుంది. "ఆవరణలో కట్టెలపొయ్యి వెలిగించరాదు." సరే, వాచ్‌మన్ భార్య మరి దేనిమీద వండుకోవాలి? ఆ వాక్యం కింద ఎవరూ రాయరు.

పొగలేని పొయ్యి మనకి కొత్తదేం కాదు. మన హైదరాబాదులోనే ఇంజనీరింగ్ పరిశోధనాలయంలో డాక్టర్ ఎస్.పి.రాజు మట్టితో కట్టుకోదగ్గ, పొగగొట్టమున్న పొయ్యిని తయారుచేశారు. కోట్లమందికి పొగలేని వంటిళ్లు కావాలంటూ 1953లో ఇంగ్లీషులో పుస్తకమే రాశారు. 1980లలో కేంద్రం మెరుగైన పొయ్యిల పథకం పెట్టి, 2002 నాటికి మూడు కోట్లకు పైగా కట్టించింది. అవన్నీ ఏమయ్యాయి? గొట్టంలో మసి పేరుకుంది, తీసేవాళ్లు లేరు. మట్టి బీటలు వారింది, మెత్తేవాళ్లు లేరు. ఒడిశాలో అలాంటి పొయ్యిల్నే ఏళ్ల తరబడి గమనించిన ఆర్థికవేత్తలు (తర్వాత 2019లో నోబెల్ అందుకున్న ఎస్తేర్ డఫ్లో వారిలో ఒకరు) తేల్చింది కూడా అదే. మొదటి ఏడాది పీల్చే పొగ తగ్గింది, ఆ తర్వాత తేడా లేకుండా పోయింది. పొయ్యి కొనడం ఒక్కరోజు పని. దాన్ని చూసుకోవడం రోజూ ఉండే పని.

మన రాష్ట్రంలో 1999లో దీపం పథకం వచ్చింది, 2016లో ఉజ్వల వచ్చింది, 2024 దీపావళికి ఏడాదికి మూడు ఉచిత సిలిండర్లతో దీపం-2 వచ్చింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 83 మంది పొగరాని ఇంధనంతో వంట చేసుకునే ఇళ్లలో ఉన్నారు. మంచి మాటే. కానీ ఆ సర్వే అడిగేది వంట ముఖ్యంగా దేనిమీద అని. వేణ్ణీళ్ల పొయ్యి ఆ లెక్కలో కనబడదు!

మరి గ్యాసుండీ కట్టెలెందుకు? మనం పిసినారులం కాబట్టి కాదు, లెక్క తెలిసినవాళ్లం కాబట్టి. ఇరవై లీటర్ల బకెట్ నీళ్లని స్నానానికి సరిపడా, అంటే ఓ ఇరవై డిగ్రీలు, వేడి చేయడానికి కాస్త అటూ ఇటూగా అరవై గ్రాముల గ్యాసు అవుతుంది. నలుగురికి రోజుకి నాలుగు బకెట్లు. చలికాలం మూడు నెలలకీ ఒకటిన్నర సిలిండరు నీళ్లకే పోతుంది. ఏడాదికిచ్చే మూడింట్లో సగం! ఇల్లాలికి ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. అయితే అదే బకెట్‌కి కరెంటైతే అరయూనిట్. మీ బిల్లు తీసి యూనిట్ ధర చూసుకుని, ఆ కట్టెలు కొనే ధరతో పోల్చి చూడండి. కొనుక్కునే కట్టెలైతే చాలా ఇళ్లలో ఆశ్చర్యపోతారు. కాకపోతే బకెట్లో ముంచే రాడ్‌తో జాగ్రత్త. స్విచ్ తీసి, ప్లగ్గు పీకేదాకా నీళ్లలో చెయ్యి పెట్టకూడదు. ఇక మనకి ఎండకి కొదవా? నల్లరంగు వేసిన డ్రమ్ము మేడ మీద ఉంటే సాయంత్రం స్నానాలకి పొయ్యితో పనే ఉండదు.

కాబట్టి నా మాట ఇది. ఇళ్లు దగ్గర దగ్గరగా ఉన్నచోట మొదట కట్టెపొయ్యి లేకుండా గడుస్తుందా అని చూడండి. గడవదంటే, గుడివాడ అవతల పల్లెలో పెరటి నిండా కొబ్బరిమట్టలూ, మినపకంపా, కందికట్టా ఉన్న ఇల్లాలికైనా, పట్నంలో అద్దె గదిలో ఉన్న ఆవిడకైనా, కనీసం మంచి పొయ్యిని ఎంచుకోవడం తెలియాలి.

పొగంటే వేరే ఏదో కాదు, కాలకుండా తప్పించుకున్న కట్టే. మూడు రాళ్ల పొయ్యిలో కట్టెలో ఉన్న వేడిలో పదోవంతు మాత్రమే గిన్నెకి అందుతుంది. భారతీయ ప్రమాణాల సంస్థ లెక్కలో (ఐఎస్ 13152) ఫ్యాను లేని పొయ్యి కనీసం నూటికి 25 పాళ్లు, చిన్న ఫ్యానుతో గాలి కొట్టే పొయ్యి కనీసం 35 పాళ్లు వేడిని గిన్నెకి చేర్చాలి. పొగరేణువుల విషయంలో ఫ్యాను పొయ్యికి పెట్టిన హద్దు, ఫ్యాను లేనిదానికి పెట్టిన హద్దులో సగం కన్నా తక్కువ. అంటే ఇరుకు సందుల్లో ఫ్యానుదే నయం. కానీ దానికి కట్టెల్ని వేలెడేసి ముక్కలుగా కొట్టాలి, బ్యాటరీ ఛార్జి చేయాలి, పాడైతే బాగుచేసేవాడు ఊళ్లో ఉండాలి. ఈ మూడూ అడగకుండా డబ్బివ్వకండి.

కొట్టుకి వెళ్లేటప్పుడు మీరు రోజూ వాడే గిన్నె, మీ ఇంట్లో ఉండే పుల్లలు పట్టుకెళ్లండి. సిగ్గుపడకండి, చీర కొనేటప్పుడు మడత విప్పి చూడమా? అక్కడే వెలిగించమనండి. అయిదు నిమిషాల తర్వాత కూడా పొగ వస్తుంటే వద్దనండి. గిన్నె పెట్టినా మంట ఊపిరాడినట్టు ఉండాలి. కట్టె కింద జల్లెడ ఉందా, బూడిద తీసే దారి ఉందా, పక్కలు చెయ్యి కాలేలా వేడెక్కుతున్నాయా, జావ కలిపేటప్పుడు పొయ్యి కదులుతుందా చూడండి. పొగగొట్టం పెట్టిస్తే కప్పుకన్నా రెండు మూడడుగులు ఎత్తుండాలి. తాటాకిల్లయితే ఆకుకి తగలకుండా దూరంగా ఉండాలి. గొట్టం పొగని మన ఇంట్లోంచి పంపేస్తుందంతే, మాయం చేయదు. అది ఎవరి గుమ్మంలో తేలుతుందో మెట్లెక్కి చూసి రావడం మన బాధ్యత.

రాగి బాయిలర్ సంగతీ అంతే. చుట్టూ చన్నీళ్లున్న గొట్టానికి తగిలి మంట చల్లారుతుంది కాబట్టే మొదట అంత పొగ. బాగా ఎండిన చిప్పలు కొద్దికొద్దిగా వేయాలి గానీ పచ్చిమట్టలు కుక్కకూడదు. గాలి కన్నం మూయకూడదు. అంటించడానికి పాలకవర్లూ, ప్లాస్టిక్ సంచులూ, పాత చెప్పులూ వేసే అలవాటు ఈ క్షణమే మానాలి, ఆ పొగ అచ్చంగా విషం. కుంపటి బొగ్గులకి పొగ కనబడదని తలుపులు మూసిన గదిలో పెట్టుకుంటే ప్రాణానికే ముప్పు.

ఇంతా చెప్పాక అసలు చిక్కు మిగిలే ఉంది. పొయ్యి దగ్గర కూర్చునేది మనం, డబ్బు తీసేది ఇంకొకరు. టీవీ మార్చడానికి ఇల్లంతా కూర్చుని మాట్లాడుతుంది. పొయ్యి మార్చాలంటే "ఇప్పుడేం తొందర?" అంటారు. పొగకి అలవాటు పడ్డాననడం మన మంచితనం అనుకుంటాం. ఆ మంచితనమే పైవరస పసివాడి గొంతులోకి కూడా వెళ్తోందని గుర్తిస్తే, అడగడానికి నోరు వస్తుంది. అపార్టుమెంటు సంఘాల్లో ఉన్న అక్కచెల్లెళ్లు మరో మెట్టు ఎక్కాలి. కట్టెపొయ్యి వద్దని నోటీసు అంటించేముందు, వాచ్‌మన్ ఇంటికి ఓ గ్యాసు కనెక్షనో, ఇండక్షన్ పొయ్యో సంఘం డబ్బుతో ఇప్పించాలి. ఇవ్వకుండా వద్దనడం నిషేధం కాదు, దౌర్జన్యం.

మా బాయిలర్ ఇప్పుడు వసారాలో తళతళా తోమి ఉంది. భోగినాడు మాత్రం వెలిగించనివ్వాలని మా అత్తగారితో ఒప్పందం. "కరెంటు నీళ్లకి ఒళ్లు తేలికపడదే" అని ఆవిడ రోజూ గొణుగుతూనే ఉన్నారు. ఆ అమ్మాయి అత్తవారింటికి వెళ్లేముందు బాబుని ఎత్తుకొచ్చి ఆవిడ ఒళ్లో పెట్టింది. ఆ పూట మాత్రం గొణగలేదు.

రేపు పొద్దున్న మీ పొయ్యి అంటించాక, ఒక్కసారి బయటికొచ్చి చూడండి. మీ పొగ ఎటు పోతోంది?