సిలిండర్‌కు బదులు సైకిల్ పంపు

రాయపూర్ నుంచి బిలాస్‌పూర్ వెళ్లే రహదారి మీద ఉంటుంది ధర్సీవా. మన మండల కేంద్రాల్లాంటి ఇలాంటి ఊళ్లలో కు.ని. ఆపరేషన్‌కు వచ్చే మహిళ సాధారణంగా అడగని ప్రశ్న ఒకటుంది: పొట్టలోకి ఎక్కించేది ఏ వాయువు?

ల్యాపరోస్కోపీలో లోపలి అవయవాలు స్పష్టంగా కనిపించేందుకు పొట్టను వాయువుతో ఉబ్బిస్తారు. అందుకు బొగ్గుపులుసు వాయువును వాడటానికి కారణముంది. పొరపాటున సూది రక్తనాళంలో దిగినా, కొద్దిపాటి వాయువైతే రక్తంలో త్వరగా కరిగి ఊపిరితిత్తుల ద్వారా బయటికి పోతుంది. మామూలు గాలిలో 78 శాతం ఉండే నత్రజని అంత తేలిగ్గా కరగదు. బుడగలుగా గుండె కుడి భాగానికి చేరి, ఊపిరితిత్తులకు రక్తం వెళ్లే దారిని అడ్డుకుంటుంది. వైద్యులు ఎయిర్ ఎంబాలిజం అనేది దీన్నే. నిమిషాల్లో గుండె ఆగిపోవచ్చు.

ఇది తెలిసినవారే దాన్ని పక్కన పెట్టారు. 2014 నవంబర్‌లో ఒడిశాలోని అంగుల్ జిల్లా బనర్‌పాల్‌లో 56 మంది మహిళలకు సైకిల్ పంపుతో గాలి కొట్టి ఆపరేషన్లు చేశారు. అదృష్టవశాత్తూ వారు బతికి బయటపడ్డారు. ఇందులో కొత్తేమీ లేదన్నది వైద్యుడి సమాధానం. భయపెట్టాల్సింది ఆ సమాధానమే.

అదే నెలలో, ధర్సీవా మీదుగా పోయే రహదారి చేరుకునే బిలాస్‌పూర్ జిల్లాలో, వాడకంలో లేని ఆస్పత్రి భవనంలో ఒకే సర్జన్ కొన్ని గంటల్లో 83 మందికి ఆపరేషన్ చేశారు. రోజుకు 30 మించరాదన్నది నిబంధన. ఆ జిల్లా శిబిరాల్లో ఆపరేషన్ చేయించుకున్నవారిలో 13 మంది చనిపోయారు. అవి గాలి బుడగ మరణాలు కావు. కారణం ఇన్ఫెక్షనా, కల్తీ మందులా అన్నదానిపైనే వాదం నడిచింది. కానీ రెండు చోట్లా కనిపించేది ఒకే తొందర, ఒకే పొదుపు.

శిబిరాలకు మూడేళ్లలో స్వస్తి చెప్పాలని 2016 సెప్టెంబర్ 14న సుప్రీంకోర్టు ఆదేశించింది. అయినా 2022 ఆగస్టు 25న తెలంగాణలోని ఇబ్రహీంపట్నం ప్రభుత్వ ఆస్పత్రిలో ఒకే రోజు 34 మందికి ఆపరేషన్లు జరిగాయి. వారిలో నలుగురు ఇన్ఫెక్షన్‌తో చనిపోయారు.

ఎంత జాగ్రత్త పడినా ఎయిర్ ఎంబాలిజం అరుదుగా రావచ్చు. వెంటనే గుర్తిస్తే బతికించే అవకాశముంది. వాయువు ఆపి, పొట్ట ఖాళీ చేసి, రోగిని ఎడమ పక్కకు తిప్పి, తల కిందికి ఉంచి, పూర్తి ఆక్సిజన్ ఇస్తారు. అందుకు కావలసింది మత్తు వైద్యుడు, శ్వాసలోని బొగ్గుపులుసు వాయువును కొలిచే పరికరం, ఒక్కో రోగిని కనిపెట్టుకుని ఉండే తీరిక. బల్ల మీద ఒకరుండగానే బయట 33 మంది వరుసలో ఎదురుచూస్తుంటే, ముందుగా కరవయ్యేది ఆ తీరికే.