పక్షం లేనివారి రాజనీతి

మతానికీ రాజకీయానికీ గల సంబంధాన్ని గురించిన చర్చ మనకు కొత్త కాదు. రెండింటినీ విడదీయరాదని గాంధీమహాత్ముడు వాదించినాడు. కలిపితే రెండూ చెడునని వాదించినవారూ మనలో పెద్దలే. ఈ వాదోపవాదాలలో సాధారణంగా మన కన్నుల ముందు నిలిచేవి రెండే చిత్రాలు: రాజ్యాన్ని చేజిక్కించుకొన్న మతం ఒకటి, రాజ్యానికి ఊడిగం చేసే మతం మరొకటి. ఈ రెండింటికీ దూరంగా మూడవ దారిని వెదకిన ఒక చిన్న మతసమాజం ఉన్నది. అదే బహాయీ సమాజం. దిల్లీలో 1986లో వెలసిన కమలాకారపు మందిరం మూలంగా ఆ పేరు మనవారికి పరిచితమే. ఆ మతం అవలంబించిన రాజనీతి మాత్రం అంతగా పరిచితం కాదు.

ఆ నీతిని రెండు మాటలలో చెప్పవచ్చును. బహాయీ ఏ రాజకీయ పక్షంలోనూ చేరరాదు. ప్రభుత్వం ఎవరిదైనా దాని శాసనాలకు విధేయుడై మెలగవలెను. అతడు పౌరుడుగా ఓటు వేయవచ్చును గాని ఒక పక్షానికి కట్టుబడరాదు. ఉద్యోగం చేయవచ్చును గాని పక్షరాజకీయాలతో ముడివడిన పదవిని స్వీకరించరాదు. ఇది విన్న వెంటనే ఎవరికైనా ఒక సందేహం కలుగుతుంది. లోకం తగులబడుతూ ఉండగా ఒడ్డున కూర్చుండి ధ్యానం చేసుకొనే పలాయనం కాదా ఇది?

చరిత్ర చూచినవారు ఆ మాట అనలేరు. ఈ మతస్థాపకుడైన బహాఉల్లా 1868లో ఉస్మానియా సుల్తాను ఆజ్ఞచేత పాలస్తీనాలోని అక్కా కోటకు ఖైదీగా చేరినాడు. దేశదేశాలు తిప్పబడిన ఆ ప్రవాసి, ఆ కాలంలోనే, మూడవ నెపోలియనుకు, విక్టోరియా రాణికి, రష్యా చక్రవర్తికి, రోములోని పోపుకు, ఇరాను షాకు లేఖలు వ్రాసినాడు. ఆయుధాలు తగ్గించుకొనవలసినదనీ, ప్రజలపై పన్నుల బరువు తగ్గించవలసినదనీ, ఒక రాజు మరొకనిపై దండెత్తితే తక్కినవారందరూ కలిసి వానిని అడ్డగించవలసినదనీ వాటిలో హితవు చెప్పినాడు. బానిసల వర్తకాన్ని మాన్పించినందుకూ, ప్రజాప్రతినిధుల చేతిలో ఆలోచనాధికారం ఉంచినందుకూ విక్టోరియాను మెచ్చుకొన్నాడు. షాకు వ్రాసిన లేఖను తీసుకొనిపోయిన పదిహేడేండ్ల యువకుణ్ణి 1869లో చిత్రహింసలు పెట్టి చంపినారు. ఇంతగా లోకవ్యవహారంలో తలదూర్చిన మతాన్ని రాజకీయాలు పట్టనిదని అనడం ఎట్లా?

కనుక బహాయీలు విడిచిపెట్టినది రాజనీతిని కాదు, పక్షాన్ని. ఈ నియమం వెనుక నెత్తుటి అనుభవం ఉన్నది. 1844లో షిరాజు నగరంలో బాబ్ ఆరంభించిన ఉద్యమం నుండి ఈ మతం పుట్టినది. బాబ్ అనుచరులకూ షా సైన్యాలకూ నడుమ పోరాటాలు జరిగినవి. 1850లో బాబ్‌ను తబ్రీజులో కాల్చి చంపినారు. 1852లో కొందరు బాబీలు ప్రతీకారబుద్ధితో షాపై హత్యాప్రయత్నం చేయగా వందలాది ప్రాణాలు బలియైనవి. ఆ సందర్భంలోనే బహాఉల్లా టెహరానులోని చీకటి కొట్టులో సంకెళ్ళు మోసినాడు. తరువాత ఆయన మతం పేర కత్తి ఎత్తడాన్నే నిషేధించినాడు. ఆయన కుమారుడు అబ్దుల్ బహా, 1905లో ఇరానులో రాజ్యాంగ విప్లవం ఆరంభమై అది క్రమంగా అంతఃకలహంగా మారినప్పుడు, ఆ కలహానికి దూరంగా ఉండవలసినదని తనవారికి బోధించినాడు. మానవజాతి యావత్తూ ఒక్కటే అని చెప్పవచ్చినవారు ఊరికొక పక్షంగా చీలిపోతే ఆ మాటకు విలువ ఏమున్నది?

పక్షాన్ని వదలినవారు ఎన్నికలను వదలలేదు. ఈ మతంలో పురోహితవర్గం లేదు. ప్రతి ఏటా ఏప్రిల్ మాసంలో ఊరూరా తొమ్మిదిమంది సభ్యుల ఆధ్యాత్మిక సభను ఎన్నుకొంటారు. అభ్యర్థులు ఉండరు, ప్రచారం ఉండదు, ఫలానివారికి ఓటు వేయుడని చెవిలో చెప్పడం కూడా తప్పే. ప్రార్థన చేసి, తనకు తగినవారని తోచిన తొమ్మండుగురి పేర్లను ప్రతివాడూ రహస్యంగా వ్రాసి ఇస్తాడు. ఈ పద్ధతిలోనే జాతీయ సభలు ఏర్పడుతవి. 1963 నుండి హైఫా నగరంలో పనిచేస్తున్న విశ్వ న్యాయ మందిరాన్ని ఆ జాతీయ సభల సభ్యులు ఐదేండ్లకొకసారి ఎన్నుకొంటారు. జెండాలు, ఊరేగింపులు, మైకుల హోరు లేనిదే ఎన్నిక అనిపించని మనకు ఇది వింతగా తోచవచ్చును. లోపాలు లేవనీ కాదు. స్త్రీపురుష సమానత్వాన్ని ఇంతగా చాటే మతంలో ఆ అత్యున్నత మందిరంలో స్త్రీలకు స్థానం లేదు. పోటీ లేనిచోట భిన్నాభిప్రాయం బహిరంగంగా తలయెత్తడానికి అవకాశం తక్కువ. అయినను పదవిని కోరనివానికే పదవి ఇవ్వాలనే ఆలోచనను ఇంత పట్టుదలతో ఆచరణలో పెట్టడం విశేషమే.

ఈ నీతికి అసలు పరీక్ష జరిగినది మతం పుట్టిన గడ్డమీదనే. ఇరాను చరిత్ర ఒక్క విషయాన్ని స్పష్టంగా చెప్పుతున్నది: ఏ పక్షంలోనూ చేరనివాడు ప్రతి పక్షానికీ శత్రువుగానే కనిపిస్తాడు. 1955లో రంజాను మాసంలో ఒక మతగురువు బహాయీలకు విరుద్ధంగా చేసిన ఉపన్యాసాలను ప్రభుత్వ రేడియో ప్రసారం చేసినది. టెహరానులోని వారి కేంద్రపు గుమ్మటాన్ని కూల్చడానికి ఉన్నత సేనాధికారులే గునపాలు పట్టినారు. అది షా పరిపాలన. 1975లో అదే షా ఏకపక్ష వ్యవస్థను నెలకొల్పి ప్రజలందరూ తన పక్షంలో చేరవలెనని ఆదేశించినప్పుడు బహాయీలు చేరలేదు. నాలుగేండ్లకే విప్లవం వచ్చినది. కొత్త పాలకులు వారిపై మోపిన నేరం ఏమనుకొన్నారు? షాకు తొత్తులని!

మరొక నేరం, ఇస్రాయేలుకు గూఢచారులని. వారి ప్రధానకేంద్రం హైఫాలో ఉన్నమాట నిజమే. అది అక్కడ ఎందుకున్నది? ఇరాను షా వెళ్ళగొట్టగా, ఉస్మానియా సుల్తాను ఖైదు చేయగా బహాఉల్లా 1868లో ఆ ప్రాంతానికి చేరినాడు. ఇస్రాయేలు రాజ్యం ఏర్పడినది 1948లో. ఇద్దరు ముస్లిము ప్రభువుల శాసనం వల్ల ఏర్పడిన నివాసాన్ని ఎనభై ఏండ్ల తరువాత పుట్టిన రాజ్యంతో కుట్రగా చిత్రించడం చరిత్రను తలకిందులు చేయడమే.

1979 రాజ్యాంగం జొరాష్ట్రియన్లను, యూదులను, క్రైస్తవులను మాత్రమే అల్పసంఖ్యాక మతస్థులుగా గుర్తించినది. బహాయీల పేరు అందులో లేదు. 1980లో వారి జాతీయ సభలోని తొమ్మండుగురూ ఒకేసారి అదృశ్యులైనారు. వారి స్థానంలో ఎన్నికైనవారిలో ఎనిమిదిమందిని మరుసటి ఏడు చివర కాల్చి చంపినారు. 1983 జూనులో షిరాజులో పదిమంది స్త్రీలను ఉరితీసినారు. వారిలో చిన్నది పదిహేడేండ్ల బాలిక. విప్లవానంతరం ఇట్లు ప్రాణాలు కోల్పోయినవారు రెండు వందలకు పైచిలుకు. తమ మతాన్ని కాదన్న ఒక్క మాట చెప్పి ఉంటే వారిలో అనేకులు బ్రతికి ఉండేవారు.

ఉప్పు చట్టాన్ని ధిక్కరించి స్వాతంత్ర్యానికి నడచిన మన జాతికి ఇక్కడ ఒక ప్రశ్న పుడుతుంది. అన్యాయపు ప్రభుత్వానికి విధేయత ఏమిటి? ఆ ప్రశ్నకు బహాయీలిచ్చిన జవాబు వారి ప్రవర్తనలోనే ఉన్నది. 1983లో ప్రభుత్వం వారి సంస్థలను నిషేధించగా తమ జాతీయ సభను తామే రద్దు చేసుకొన్నారు. కాని మతాన్ని వదలుకొమ్మంటే వదలలేదు. విశ్వవిద్యాలయాల తలుపులు తమ పిల్లలకు మూసివేయగా రాళ్ళు రువ్వలేదు. 1987 నుండి ఇళ్ళలోనే ఉన్నతవిద్య నేర్పుకొన్నారు. సంస్థ రాజుది, మనస్సు రాజుది కాదు అన్నది వారు గీసిన గీత. ఈ దారిన ఒక పరాధీన దేశం స్వతంత్రం కాగలదని నేననను. లవణ సత్యాగ్రహానికి ఇది ప్రత్యామ్నాయం కాదు. అయినను దీనిని పిరికితనమని పిలువగల ధైర్యం ఎవరికున్నది?

న్యాయంగా మరొక్క మాట కూడా చెప్పవలెను. బలం లేనివాని వినయాన్ని ఎవరైనా శంకింపవచ్చును. ఎక్కడనైనా బహాయీలే అధికసంఖ్యాకులైనప్పుడు వారి న్యాయ మందిరానికీ ప్రజల శాసనసభకూ గల సంబంధం ఎట్లుండును? మతపెద్దలు రాజ్యవ్యవహారాలలో జోక్యం చేసుకొన్నప్పుడెల్లా ఇరానుకు కీడే మూడినదని అబ్దుల్ బహా ఒక గ్రంథమే వ్రాసినాడు. ఆయన మనుమడు షోఘీ ఎఫెండీ రచనలలో మతమూలాలపై నిలిచే భావి ప్రపంచవ్యవస్థ చిత్రం కనిపిస్తుంది. ఈ రెండింటికీ పొందిక కుదర్చడం వారి మేధావులు తీర్చవలసిన బాకీ. అధికారం చేతికి వచ్చిననాడు ఏ మతమైనా మళ్ళీ మొదటినుండి పరీక్షకు కూర్చుండవలసినదే.

అది రేపటి మాట. నేటి మాట మాత్రం ప్రభుత్వాలను గురించినది. మతం సింహాసనమెక్కితే ప్రమాదమని మనం తరచు చెప్పుకొంటాము. ప్రతి మనిషినీ ఏదో ఒక పక్షాన నిలబెట్టి గాని నిద్రపోని రాజ్యం అంతకన్న తక్కువ ప్రమాదకరం కాదు. తనను ఎదిరించేవానిని సహించడం ప్రజాస్వామ్యానికి మొదటి మెట్టు. తన జెండా మోయక, ఎదుటివాని జెండానూ మోయక, శాసనానికి తలవంచి తన పని తాను చేసుకొనేవానిని నమ్మగలగడం దానికి పై మెట్టు. ఇరాను ఆ మెట్టు ఎక్కలేకపోయినది. ఎక్కినామని చెప్పుకొనే దేశాలు తమను తాము ఒకసారి పరీక్షించుకొనడం మంచిది.