పేటకు వచ్చే డాక్టరు ఏ సీటులో చదివాడు?

మా రాజోలు ప్రాంతపు పేటల్లో డాక్టరంటే చాలాకాలం ఆర్‌ఎంపీయే. సైకిలు మీద మందుల సంచితో వచ్చేవాడు, డబ్బులు కోతల తర్వాత తీసుకునేవాడు. పెద్ద చదువు చదివిన డాక్టరు టౌన్లో ఉండేవాడు. నా చిన్నప్పుడు అమ్మను అలాంటి ఒకాయన దగ్గరకు తీసుకువెళ్లాం. ఆయన ఊరు అడిగాడు, పేట అడిగాడు. నాడి పట్టకుండానే చీటీ రాసి బల్ల మీదకు తోశాడు. అందులో రాసిన మందు సరైనదే కావచ్చు. కాని అమ్మ మళ్లీ ఆ గడప తొక్కలేదు. డాక్టర్ల కొరత గురించి ఎవరు మాట్లాడినా నాకు ఆ చీటీయే గుర్తుకొస్తుంది. ఎంతమంది డాక్టర్లున్నారన్నది ఒక ప్రశ్న. వారు ఎవరి ఇళ్ల నుంచి వస్తున్నారు, ఎవరి దగ్గరకు వెళ్తున్నారన్నది అంతకంటె పెద్ద ప్రశ్న.

ఆ ప్రశ్న ఇప్పుడు అమలాపురం ముంగిట నిలిచింది. గత ప్రభుత్వం తలపెట్టిన 17 కొత్త ప్రభుత్వ వైద్య కళాశాలల్లో అమలాపురం ఒకటి. 2025 సెప్టెంబరులో ప్రస్తుత మంత్రివర్గం పది కళాశాలలను పీపీపీ పద్ధతికి అప్పగించాలని నిర్ణయించింది. ఆ పదిలో కూడా అమలాపురం ఉంది. ఈ జిల్లాకు అంబేడ్కర్ పేరు పెట్టినందుకు 2022 మే 24న ఈ పట్టణంలో ఇళ్లు తగలబెట్టారు. అయినా పేరు నిలిచింది. ఆ పేరు కింద వెలిసే కళాశాలలో సీట్లు ఎవరికి దక్కుతాయన్నదే ఇక తేలాలి.

ఖజానా భారం మోయలేదని, ప్రైవేటు పెట్టుబడి వస్తే కళాశాలలు త్వరగా పూర్తవుతాయని ప్రభుత్వం అంటోంది. భవనాలు త్వరగా లేవవచ్చు. పెట్టుబడి పెట్టినవాడు దాన్ని రాబట్టుకునేది మాత్రం సీట్ల నుంచి, రోగుల నుంచే. ఈ తప్పు ఒక్క పార్టీది కూడా కాదు. 2023లో గత ప్రభుత్వమే 107, 108 జీవోలతో కొత్త ప్రభుత్వ కళాశాలల్లో అఖిల భారత కోటా పోగా మిగిలిన సీట్లలో సగాన్ని సెల్ఫ్ ఫైనాన్స్, ఎన్ఆర్ఐ సీట్లుగా మార్చింది. ఏడాదికి ఫీజు ఒకదానికి 12 లక్షలు, మరోదానికి 20 లక్షలు. ఆ జీవోలను రద్దు చేస్తామని ప్రతిపక్షంలో ఉండి హామీ ఇచ్చిన పార్టీ అధికారంలోకి వచ్చాక పీపీపీ దారి పట్టింది.

ఏడాదికి 12 లక్షల చొప్పున కట్టినవాడికి చదువు పూర్తయ్యేసరికి అరకోటి దాటుతుంది. ఆ అప్పుతో బయటికొచ్చినవాడు సఖినేటిపల్లి పీహెచ్‌సీలో కూర్చుంటాడా? కూర్చోడు. అతన్ని నిందించీ ప్రయోజనం లేదు, అది లెక్క. గ్రామాల్లో డాక్టర్లు నిలవాలంటే గ్రామీణ నేపథ్యమున్న విద్యార్థులకు సీట్లివ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లోనే సిఫారసు చేసింది. మన దేశంలో గ్రామమంటే ఊరు, పేట రెండూ. రిజర్వేషన్ సీటు పేదవాడి మీద జాలితో ఇచ్చేది కాదు. పేటకు డాక్టరును చేర్చే దారుల్లో అదొకటి.

సంస్కరణల పేరుతో ఈ దారి మూసుకుపోవడం కొత్త కాదు. 1946లో భోర్ కమిటీ అందరికీ ఒకే ప్రమాణమున్న డాక్టరు కావాలంటూ ఎల్ఎంపీ చదువును ఎత్తివేయమంది. అప్పటి డాక్టర్లలో ఎక్కువమంది ఎల్ఎంపీలే. కమిటీలోని ఆరుగురు సభ్యులు విభేదించినా వారి మాట చెల్లలేదు. ఆశయం మంచిదే. ఎల్ఎంపీ పోయాక పల్లెలో మిగిలిన ఖాళీని నింపింది మాత్రం మా ఆర్‌ఎంపీ.

2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ పేదవాడి గుండెకు ఆపరేషన్ చేయించింది. దాన్ని నేను తక్కువ చేయను. అయితే ప్రభుత్వ సొమ్ము ఆపరేషన్ వెంట నెట్‌వర్క్ ఆసుపత్రికి నడిచింది, డాక్టరు సొమ్ము వెంట నడిచాడు. బీపీ, షుగర్, కాన్పు చూడాల్సిన పీహెచ్‌సీ వెనకబడింది. అక్కడ పనిచేసే డాక్టర్లకు ఉన్న ఆశ ఇన్‌సర్వీస్ పీజీ కోటా. 2024లో దాన్నీ కుదించారు. వారు సమ్మెకు దిగాల్సి వచ్చింది.

చేయదగిన పనులున్నాయి. అమలాపురం కళాశాలను పూర్తిగా ప్రభుత్వమే నిర్మించి నడపాలి. 107, 108 జీవోలను రద్దు చేసి ప్రతి సీటునూ రోస్టరు కిందకు తేవాలి. తమిళనాడు 2020లో ప్రభుత్వ బడుల విద్యార్థులకు వైద్య సీట్లలో 7.5 శాతం కేటాయిస్తూ చట్టం చేసింది. అలాంటి చట్టం మనకూ కావాలి. పీహెచ్‌సీ డాక్టర్ల పీజీ కోటాను పునరుద్ధరించాలి.

అమలాపురం, రాజోలు, పి.గన్నవరం మూడూ ఎస్సీ రిజర్వుడు శాసనసభ స్థానాలే. అక్కడి నుంచి గెలిచినవారు ఏ పార్టీవారైనా ఈ నాలుగు మాటలు సభలో అడగాలి. వారిని అడిగించాల్సిన బాధ్యత విద్యార్థి సంఘాలది. మా అమ్మ నాడిని సంకోచం లేకుండా పట్టుకునే చెయ్యి మా పేటలోనే, ఏదో హాస్టల్లో, ఇప్పుడు నీట్ పుస్తకం తిరగేస్తూ ఉండవచ్చు. ఆ బిడ్డకు అందాల్సిన సీటును బేరానికి పెట్టవద్దు.