పటంలో మన వాడ యాడ?

దళిత బంధువులారా!

మీ ఊరి పటం ఒకటి సంపాదించి ముందర పరుచుకోండి. గుడి ఉంటది. చెరువు ఉంటది. సర్వే నంబర్లుంటాయి. మన వాడ ఎన్నిసార్లు జరిపితే ఇప్పుడున్న చోటికి వచ్చిందో ఉండదు. మనల్ని నీళ్లు ముట్టనీయని బాయి ఏదో ఉండదు. మన శవాలకు దోవ లేకుండా చేసిన చేను ఎవరిదో ఉండదు. పటం గీసినోడు ఏది చూడదల్చుకున్నాడో అదే గీసినాడు.

ఇది నేటి సంగతి కాదు. 1800లో ఈ సీమ ఇంగ్లీషు కంపెనీ చేతికి పోయింది. 1807 దాకా మన్రో కలెక్టరుగా ఉండి భూములు కొలిపించినాడు. ఆయన వెనకే మెకంజీ దొర ఊరూరి కైఫీయతులు రాయించినాడు. ఆయన మనుషులు ఎక్కువగా అడిగింది కరణాలను, పూజారులను, పాళెగాళ్ల ఇంటోళ్లను. కైఫీయతుల విలువ మనం కాదనం. కానీ అందులో మన నోరు లేదు. దక్షిణాదిలో చాలా చోట్ల పొలిమేర తగాదా వస్తే గట్టు వెంట నడిచి హద్దు చూపించింది వెట్టివాడే. హద్దు తెలిసినోడు మనోడు, హద్దు రాసుకున్నోడు కరణం! కరణం ఉద్యోగం 1984లో పోయింది. ఆయన రాత మాత్రం ఇంకా మన నెత్తి మీదనే ఉంది.

పాత కథలు మనకెందుకు, కూడు పెడతాయా అనేవాళ్లున్నారు. పెడతాయి. ఎన్.పి.కుంట నేలను చూడండి. 1910 దాకా అది కడప జిల్లా. తర్వాత అనంతపురం. 1985లో తాలూకాలు పోయి మండలాలొచ్చినాయి. 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. రాయదుర్గం వైపు ఒకప్పుడు బళ్లారి కిందనే ఉండె. తాత కాగితం వెతకాలంటే ఏ జిల్లా కచేరీకి పోవాలో కూడా తెలియని గతి మనది.

అదే ఎన్.పి.కుంటలో సోలార్ పార్కు పెట్టినారు. 2016లో కరెంటు మొదలైంది. కాగితం లేకుండా దున్నుకుంటున్నోళ్లకు పరిహారం దగ్గరే తగాదా వచ్చింది. ఇప్పుడక్కడ నల్ల పలకల చేను. గూగుల్ ఎర్త్‌లో పాత ఏండ్ల బొమ్మలు వెనక్కి తిప్పి చూడొచ్చు. నేల దున్నినట్టు కనిపిస్తది. దున్నిందెవరో కనిపించదు. అది చెప్పాల్సింది మనమే.

డి.కె.టి. పట్టాల సంగతీ ఇంతే. 1977 చట్టం అసైన్డు భూముల అమ్మకాన్ని నిషేధించింది. 2023 సవరణ, పట్టా ఇచ్చి 20 ఏండ్లు నిండితే అసలు పట్టాదారుకో వారసులకో అమ్ముకునే హక్కు ఇచ్చింది. 2024లో ప్రభుత్వం మారినాక ఆ రిజిస్ట్రేషన్లు ఆపి విచారణ పెట్టినారు. పట్టా ఏ ఏడాది వచ్చింది, ఎవరు సాగులో ఉన్నారు అన్న మాటల మీదనే మన నేల నిలబడతది, లేదా బ్రోకరు పాలవుతది.

అందుకే మన చరిత్ర పటం మనమే గీయాల. దానికి సాధనముంది. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అని 2004లో మొదలైంది. ప్రపంచంలో ఎవరైనా దాంట్లో గుర్తులు పెట్టొచ్చు. దాని తమ్ముడు ఓపెన్‌హిస్టారికల్‌మ్యాప్. అందులో ప్రతి గుర్తుకూ ఎప్పుడు పుట్టింది, ఎప్పుడు పోయింది అని ఏడాది రాయొచ్చు. పూడిపోయిన బాయి, కాలిపోయిన వాడ కూడా దాంట్లో బతుకుతాయి. ఆఫ్రికాలో నైరోబీ నగరంలో కిబేరా అని పెద్ద పేదల బస్తీ ఉంది. ఒకప్పుడు పటాల్లో అది ఖాళీ జాగాగా ఉండె. 2009లో అక్కడి పిల్లలే సందు సందూ నడిచి పటమెక్కించినారు. వాళ్లు చేసింది మన పిల్లలు చేయలేరా? ప్రతి ఇంట్లో సెల్లుఫోను ఉందే!

పని ఇట్ల మొదలు పెట్టండి. ముందు వాడలో ముసలోళ్లను, ఆడోళ్లను కూర్చోబెట్టి నేల మీద ముగ్గుపిండితో ఊరు గీయించండి. నీళ్ల సంగతి ఆడోళ్లకు తెలిసినంత మగోళ్లకు తెలీదు. ఏడాది గుర్తు లేదంటే, ఎమర్జెన్సీకి ముందా, రామారావు వచ్చినాకనా అని అడగండి. ఇద్దరు ముగ్గురు ఒకే మాట చెప్తేనే రాయండి. తర్వాత ఫోను పట్టుకుని ఆ చోట్లన్నీ నడవండి. కరువు పనుల్లో మన తల్లులు మట్టి మోసిన కట్టలు, వల్లకాడు, ఇనాం చేను, హోటల్లో రెండు గ్లాసులు పోయిన ఏడాది — అన్నీ గుర్తు పెట్టండి. 1927లో మహాడ్ చెరువు నీళ్లు తాగిన బాబాసాహెబ్ అడుగు మనకు తెలుసు. మన వాడవాడకూ ఒక మహాడ్ ఉంది. దాన్ని రాసినోడే లేడు.

జాగ్రత్తలు రెండు. ఆ పటం లోకమంతా చూస్తది. మనుషుల పేర్లు, ఏ ఇల్లు ఏ కులమన్నది ఎక్కించొద్దు. కక్షగట్టినోడికి దోవ చూపినట్టవుతది. రెండోది, పటం పట్టా కాదు. తగాదా నేలకు అడంగల్, ఎఫ్.ఎం.బి. నకళ్లు సమాచార హక్కు కింద తీసుకుని వకీలుకు చూపించండి. పటం ఆ అర్జీకి తోడుగా ఉంటది.

హద్దు చూపించే విద్య మన తాతలది. రాసే విద్య మన పిల్లలకొచ్చింది. ఈ రెండూ కలవడానికి ముసలోళ్లు బతికున్నంత కాలమే గడువు. రాబోయే అమావాస్య లోపల ఒక్కో వాడలో ఒక్క కూటం పెట్టండి.

జై భీమ్!